సీలు విప్పని ఆరు

పెర్త్ ఊరి వేలంశాలలో నా పని
సీసాల మెడలు కొలవడం.
వెనక టార్చి పెట్టి, పక్కన స్కేలు ఆనించి
మందు ఎంత కిందికి దిగిందో రాయడం.
బిరడా ఎంత బిగించినా కాలం కాస్త తాగుతుంది.
ఇక్కడివాళ్లు దాన్ని దేవదూతల వాటా అంటారు.
నేను తరుగు అని రాస్తాను.

నవంబరు, మంగళవారం.
ఓబన్ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది
ఇష్బెల్ రెన్నీ.
తడిసిన కోటు, ఒళ్లో చేపల దుకాణం సంచి,
సంచిలో ఓక్ చెక్క పెట్టె.
మూత తీస్తే ఆకుపచ్చ మఖమలు గుంటల్లో
ఆరు బుల్లి సింగిల్ మాల్టులు,
పరీక్ష హాల్లో పిల్లల్లా ఎడమెడంగా.
ఐలా, స్పేసైడ్, హైలాండ్స్,
క్యాంబెల్‌టౌన్, లోలాండ్స్, ఓర్క్‌నీ.
డెబ్బై తొమ్మిది నాటి సెట్టు.
అయిదు వందల్లో మూడు వందల పన్నెండోది.
ఒక్క సీలూ చెదరలేదు.

"మా తమ్ముడు మర్డోది" అంది.
"ఆయన తాగేవారు కాదా?"
"అదొక్కటే చేసేవాడు, ఆ ఏడు దాకా.
మానేసిన వారమే కొన్నాడు వీటిని.
కరిచే కుక్క ఎక్కడుందో తెలిస్తేనే
నిద్రపడుతుందన్నాడు."

పెట్టె అడుగున రుచుల పుస్తకం.
సీసాకో పేజీ.
రంగు, వాసన, రుచి, చివరికి మిగిలేది,
ఒక్కోదాని ఎదురుగా ఒక ఖాళీ గీత.
ఖాళీగా ఉంటేనే దానికి ధర.
ఇందులో పెన్సిల్ రాత.

స్పేసైడ్.
రంగు: షోనా జుట్టు, నన్ను వద్దనక ముందు.
వాసన: ఆపిళ్లు ఆరబోసిన అటక.
రుచి: ఏదో రాసి, వేలితో చెరిపేశాడు.

ఐలా.
వాసన: తారు పూసిన తాడు.
లాఖీ పడవ తిరిగిరాని పొద్దున రేవంతా ఇదే.
రుచి: పొగ. పొగ. ఆపైన ఉప్పు.
చివరికి మిగిలేది:
వాళ్లమ్మకి కబురు చెప్పడానికి
నేను తాగే వెళ్లాను.

లోలాండ్స్.
కోసిన గడ్డి. పెద్దగా ఏమీ లేదు.
ఇంతమాత్రం దానికా
అక్క చేతిగడియారం అమ్మాను.

"విప్పకుండా రుచి ఎలా రాశారు?"

"ఏడాది ఆఖరి రాత్రి, హాగ్మనే గంటలు కొట్టకముందే
ఒక సీసా తీసి దీపానికి అడ్డం పట్టేవాడు.
నేను వంటింట్లోంచి చెవులు రిక్కించేదాన్ని,
సీలు పగిలే చప్పుడు వస్తుందేమోనని.
పెన్సిల్ గీసుకునే చప్పుడే వచ్చేది.
ఏడాదికో మాట.
ఎక్కువ రాస్తే మత్తెక్కుతుందని భయం.
నాలిక మర్చిపోదక్కా, అనేవాడు,
పస్తు పెడితే కథలు చెబుతుంది."

ఆరో పేజీ, ఓర్క్‌నీ.
రంగు ఖాళీ. వాసన ఖాళీ.
అడుగున రెండే మాటలు,
ఏటేటా వాటి మీదే దిద్ది దిద్ది
కాగితం గుంటపడి, నల్లగా:
రేపు రా.

నా పని నేను చెప్పాలి కదా.
"పెన్సిలే, రబ్బరుతో పోతుంది.
శుభ్రమైన పుస్తకం ఉంటే
నూట ఇరవై పౌండ్లు ఎక్కువ పలుకుతుంది."
రబ్బరు బల్ల మీదే ఉంది. తెల్లది, కొత్తది.

ఆమె రబ్బరు వంక చూసింది.
గడియారం లేని మణికట్టు ఒకసారి తడుముకుంది.
వంటింటి కప్పు కారుతోందని
అంతకుముందే చెప్పింది, రెండుసార్లు.

"సీసాలు అమ్మేయి.
అవి ఎప్పుడూ వాడివి కావు" అంది.
పుస్తకాన్ని చేపల సంచిలో పెట్టుకుని
నాలుగూ ఇరవై బస్సుకి లేచింది.
రసీదు మర్చిపోయింది. వెనక పరిగెత్తి ఇచ్చాను.

కేటలాగు రాస్తున్నాను.
ఆరు బుల్లి సీసాలు, సీళ్లు భద్రం.
పెట్టె ఎడమ మూల కొంచెం రాసుకుపోయింది.
పుస్తకం లేదు.
తరుగు,
అని రాసి ఆగాను.
ఓర్క్‌నీ వెనక టార్చి ఇంకా వెలుగుతోంది.
స్కేలు దగ్గరికి వంగాను.

నలభై నాలుగేళ్లకి
ఒక మిల్లీమీటరు.